మొహానికి నీళ్లు తగలనీయకు

భ్రమరబర్ బాబు జేబులోంచి ఫోను తీసి, లైటు వేసి, కుంతల మొహం మీద కొట్టాడు. పట్టపగలు. రిహార్సలు జరిగే ఆ మూతపడ్డ ధాన్యం మిల్లుకి పైరేకులు సగం ఊడిపోయి, ఎండ నిలువునా లోపలికి పడుతూనే ఉంది. లైటుతో ఏం పని? అయినా వేశాడు. గడ్డం కింద వేలు పెట్టి, సంతలో పశువు పళ్లు చూసినట్టు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఇది మొహమా తల్లీ, కంకర తేలిన రోడ్డా?" అన్నాడు.

హార్మోనియం ఆగిపోయింది. తర్వాత క్లారినెట్ వాయించే అతను ముందు నవ్వాడు, అతని వెనక డోలక్ వాళ్లు, వాళ్ల వెనక డాన్సు పిల్లలు. కంపెనీ యజమాని హాస్యమాడితే నవ్వకుండా ఉండే ధైర్యం ఎవరికుంది? ఆ మాటన్న పెద్దమనిషి మొహం నిండా చిన్నప్పటి అమ్మవారి మచ్చలు. ఆయన మొహం మీద మాత్రం ఎవరూ లైటు వెయ్యరు.

"శుక్రవారం పోస్టరుకి ఫొటో. కటక్ నించి మనిషి కెమెరాలూ గొడుగులూ వేసుకుని వస్తున్నాడు. ఈ మొహాన్ని ఇరవై అడుగుల ఎత్తు చేసి బస్టాండులో కట్టాననుకో, జనం టిక్కెట్టు కొంటారా, నీకు మందు కొనిస్తారా?"

మళ్లీ నవ్వులు. ఈసారి వాటిలో ఒక నవ్వు కుంతలకి విడిగా వినబడింది. ముక్కుతో నవ్వే నవ్వు. ఝిలిది. ఈ వేసవిలోనే కంపెనీలో చేరిన పిల్ల, పంతొమ్మిదేళ్లుంటాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ భుజాలు దాచుకోలేకపోయింది.

"శుక్రవారానికి ఇది బాగుపడిందా, రాణీ వేషం నీదే. లేదంటే ఝిలి రాణీ, నువ్వు దాని తల్లివి." భ్రమరబర్ బాబు ఫోను లైటు ఆర్పి జేబులో వేసుకున్నాడు. పాన్ ఎడమ బుగ్గలోంచి కుడి బుగ్గలోకి మార్చాడు. "ఏం మాస్టారూ, కానివ్వండి. రెండో సీను."

కుంతలకి తల తీసేసినట్టయింది. రెండో సీనులో ఆమె కొడుకు శవం ముందు ఏడవాలి. ఏడ్చింది. మాస్టారు "శెభాష్" అన్నాడు కూడా.

జాత్రా నాటకాల్లో పోస్టరు మీద ఎవరి మొహముంటే ఏడాదంతా వేషం వాళ్లదే. మేళం బుక్ చేసుకోవడానికి వచ్చే ఊళ్ల కమిటీ వాళ్లు కథేమిటని అడగరు. గోడమీద పోస్టరు చూస్తారు, ఈ అమ్మాయి వస్తుందా అంటారు. దసరా నించి ఎండాకాలం దాకా రోజుకో ఊరు తిరిగే కంపెనీలో ఒకసారి తల్లి వేషంలోకి దిగినదాన్ని మళ్లీ రాణిని చేసిన దాఖలా లేదు. కుంతలకి ఇరవై ఎనిమిదేళ్లు. ఝిలికీ ఆమెకీ మధ్య తొమ్మిదేళ్లు. తల్లట!

మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ వైద్యులైపోయారు. ఆడవాళ్లకి బసగా ఇచ్చిన మిల్లు ఆఫీసు గదిలో కుంతల చద్దన్నం గిన్నె ముందు పెట్టుకుని కూచుంది. వేయించిన బడి వడియాలు నలిపి కలుపుకుంటోంది గానీ ముద్ద ఎత్తడం లేదు.

"రక్తం చెడిపోయిందే. వేపాకు నూరి పరగడుపున తాగు."

"రక్తం కాదు, వేడి. కోడిగుడ్డు మానెయ్యి."

"వేడికి మందు పెళ్లే!" గుమ్మం అవతలనించి క్లారినెట్ అతను. "ఈ వయసుదాకా ఒంటరిగా ఉంటే మొటిమలు రాక మామిడిపళ్లు కాస్తాయా? ఊఁ అను, నేను సిద్ధం."

"నిన్ను చేసుకునే కంటే కంకర రోడ్డే నయం పోరా," అని మేకప్ వేసే నీలు భాయి వాణ్ని తోలేసి, లోపలికి తల పెట్టాడు. "కుంతలా, రాత్రి పళ్ల పేస్టు రాసి పడుకో. తెల్లారేసరికి ఎండిపోతాయి." ఆయన చేత్తోనే జింకు పొడి, రంగు పొడులూ కొబ్బరినూనెలో మెదిపి సీజనంతా ఈ మొహాలకి పూస్తాడు. పూసేవాడికి కింద ఏముందో తెలియాలా? ఆయనకి తెలిసిందల్లా ఎంత మందంగా పూస్తే ఎన్ని దాగుతాయన్నదే.

అందరూ వెళ్లాక జెమా పిన్ని దగ్గరకొచ్చి కూచుంది. కంపెనీలో తల్లి వేషాలు ఆమెవి. కుంతల రాణి కాకముందు రాణి వేషాలు కూడా ఆమెవే. నలభై దాటలేదు. దగ్గరగా చూస్తే చెంపల మీద సన్నటి గుంటలు కనిపిస్తాయి గానీ చర్మం మాత్రం నున్నగా, తేటగా ఉంటుంది.

"మొహానికి నీళ్లు తగలనిచ్చావా?" అని అడిగింది పిన్ని.

"ఎప్పుడూ లేదు పిన్నీ. నువ్వు చెప్పినట్టే."

ఇది ఆ కంపెనీలో పాతవాళ్లందరికీ తెలిసిన నియమం. ఆట అయ్యాక రంగు కొబ్బరినూనెతో కరిగించి, పాత చీర గుడ్డతో తుడుచుకుని, అలాగే పడుకోవాలి. దీపాల వేడికి కాగిన మొహానికి చన్నీళ్లు తగిలితే నల్లబడిపోతుందని, పగిలిపోతుందని చెప్పుకుంటారు. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలీదు. మధ్యాహ్నం స్నానంలో కూడా గడ్డం దాకా పోసుకుని పైన తడిగుడ్డతో అద్దుకునేవాళ్లే ఎక్కువ.

"నేనిచ్చిన ట్యూబు?"

"అదీ, అయిపోతే మళ్లీ కొని మరీ రాస్తున్నా. మొదట్లో ఎంత బాగా పనిచేసింది! మూడు రోజుల్లో మొహం ఒలిచిన గుడ్డులా వచ్చేది. ఇప్పుడేమో రాసినా తగ్గట్లేదు, ఒక్కరోజు మానితే మంట, ఎర్రగా గుంపులు గుంపులుగా లేస్తున్నాయి."

"అయితే కాస్త ఎక్కువ రాయి," అంది జెమా పిన్ని. లేచి, కుంతల గిన్నెలో తన వంతు బడి వడియాలు కూడా వేసి వెళ్లింది. రెండేళ్ల కిందట రాణి వేషం చేతులు మారిన రోజున కూడా ఆమె ఇలాగే మెత్తగా మాట్లాడింది. ఒకరి దగ్గర చెప్పకు, ఇది నా రహస్యం అని అరచేతిలో ట్యూబు పెట్టి వేళ్లు మూసింది. కుంతల ఆ రోజు ఆమె కాళ్లకి దణ్ణం పెట్టింది.

గిన్నె కడుక్కుందామని కుంతల వెనకవైపు బోరింగు దగ్గరికి బయలుదేరి, తలుపు దగ్గరే ఆగిపోయింది. బోరింగు గట్టు మీద డాన్సు పిల్లలు గిన్నెలు తోముతున్నారు. మధ్యలో ఝిలి. గరిట తిరగేసి పట్టుకుని పక్క పిల్ల గడ్డం ఎత్తింది, గరిట మొహం దగ్గర పెట్టింది, బుగ్గలో పాన్ ఉన్నట్టు నోరు ఉబ్బించింది.

"ఇది మొహమా తల్లీ..."

పిల్లలు పడీ పడీ నవ్వారు. నిజం చెప్పొద్దూ, పిల్ల అచ్చు గుద్దినట్టు దించేసింది. మంచి నటి అవుతుంది. కుంతల గిన్నె కడుక్కోకుండానే లోపలికి వచ్చేసింది.

మర్నాడు పంటినొప్పి అని మాస్టారికి చెప్పి కటక్ బస్సెక్కింది. ఓణీ కళ్ల దాకా చుట్టుకుంది. పక్క సీటు ఆవిడ "ఏమ్మా, మొహం దాచుకున్నావు, మీ ఆయన కొట్టాడా?" అని జాలిగా అడిగింది. "పళ్లు," అంది కుంతల. ఆవిడ నమ్మలేదు. జామపండు ఒకటి చేతిలో పెట్టి మెల్లిగా తట్టింది.

పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు గది ముందు వరస మెట్ల దాకా ఉంది. గజ్జి, తామర, బొల్లి, కాలిన మచ్చలు. ఎవరి చర్మం వాళ్లకి పెద్ద బాధ. కుంతల వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. డాక్టరమ్మ పొట్టిగా, కళ్లజోడు తల మీదకి తోసుకుని, గొంతు బొంగురు పోయి ఉంది. ఓణీ తియ్యమంది. ఫోను లైటు వెయ్యలేదు. కిటికీ వైపు తిరగమంది, అంతే. అంతమాత్రానికే కుంతల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవకు. ఏడిస్తే నాకు కనబడదు. ఏం రాస్తున్నావు?"

కుంతల సంచిలోంచి ట్యూబు తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని చూసి, బల్లమీద పడేసింది.

"ఎన్నాళ్ల నించి?"

"రెండేళ్లు."

"రెండేళ్లు! ఇందులో ఏముందో తెలుసా? స్టెరాయిడు. ఇది రోగాన్ని తగ్గించదు, రోగం నోరు నొక్కుతుంది. మొదట ఎర్రదనం పోతుంది, మొహం మెరుస్తుంది, అబ్బో అనుకుంటారు. రాసేకొద్దీ తోలు ఉల్లిపొరంత పల్చబడుతుంది. తర్వాత రాసినా లేస్తాయి, మానినా లేస్తాయి, మానితే ఇంకా ఎక్కువ లేస్తాయి. సిగరెట్టు అలవాటైనట్టు మొహానికి ఇది అలవాటవుతుంది. నీకు ఇప్పుడున్న వాటిలో సగం మొటిమలు దేవుడిచ్చినవి కావు, ఇదిచ్చినవి."

"మరి మిగతా సగం? రక్తం చెడిపోయిందా అమ్మా?"

"రక్తం శుభ్రంగానే ఉంది. ఏం పని చేస్తావు?"

చెప్పింది. రంగు ఎలా పూస్తారో, ఎలా తీస్తారో, నీళ్లు ఎందుకు తగలనివ్వరో అంతా. డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది.

"వింటున్నావా? చర్మంలో ప్రతి వెంట్రుక మొదట్లోనూ చిన్న నూనె తిత్తి ఉంటుంది. ఒంట్లో హార్మోన్లు అటూ ఇటూ అయితే అది ఎక్కువ నూనె ఊరుస్తుంది. పదహారేళ్లకీ రావచ్చు, ముప్ఫైకీ రావచ్చు. ఆ నూనె బయటికి వచ్చే దారిలో చచ్చిన చర్మం పేరుకుని బిరడా పడుతుంది. లోపల నూనె నిలవ, అందులో క్రిములు పెరుగుతాయి, వాపు, చీము. అదీ మొటిమంటే. మీరేం చేస్తున్నారు? పైనించి జింకు, కొబ్బరినూనె కలిపి పూత పూసి, ఉన్న దారులన్నీ మూసేసి, దాన్ని మళ్లీ నూనెతోనే తీసి, కడక్కుండా పడుకుంటున్నారు. అసలే దారి మూసుకుపోయిందంటే దాని మీద తాళం కూడా వేస్తున్నారు."

"పెళ్లి చేసుకుంటే..."

డాక్టరమ్మ నవ్వింది. గడ్డం ముందుకు పెట్టి చూపించింది. "పెళ్లయింది. ఇద్దరు పిల్లలు. ఇదిగో, మొన్న లేచినవి రెండు." తర్వాత మళ్లీ గొంతు మార్చింది. "మెత్తటి సబ్బుతో రోజుకి రెండుసార్లు కడుగు. రుద్దకు, గిల్లకు, ఇదిగో, ఇలా వేళ్ల చివర్లతో గుండ్రంగా తిప్పు. ఆట అయ్యాక ఎంత అలిసిపోయినా సరే, రంగు పూర్తిగా పోయేదాకా కడిగి పడుకో. జుట్టుకి నూనె నుదుటి దాకా కారనివ్వకు. ఈ ఆయింట్‌మెంటు రాత్రిపూట శెనగగింజంత, మొహమంతటికీ కలిపి అంతే. ఈ మాత్రలు. పగలు ఎండలో తిరక్కు. మూడు నెలలు."

"నాకు శుక్రవారానికి కావాలి అమ్మా."

"శుక్రవారానికి ఇంకా చెడుతుంది. ట్యూబు మానేస్తున్నావు కదా, మొదటి వారాల్లో ఎర్రగా మండుతుంది. ఓర్చుకోవాలి. ఓర్చుకుంటే మొహం నీకు తిరిగొస్తుంది. మచ్చలు కొన్ని ఉండిపోతాయి." చీటీ రాస్తూ అడిగింది. "ఎవరిచ్చారిది?"

"మా కంపెనీలో పిన్ని. ప్రేమతో ఇచ్చింది."

"ఆవిడ రాసుకుంటుందా ఇప్పుడు?"

కుంతల ఆలోచించింది. "లేదు."

డాక్టరమ్మ చీటీ చించి చేతిలో పెట్టింది. "ఆ చెత్తబుట్టలో పడేసి వెళ్లు," అని తర్వాతి మనిషిని పిలిచింది.

కుంతల ట్యూబు పట్టుకుని చెత్తబుట్ట దాకా వెళ్లింది. ఇంకా సగం పైనే ఉంది. ఎందుకో చెయ్యి రాలేదు. సంచిలో వేసుకుని బయటికొచ్చింది.

బుధవారం ఎవరూ లేవకముందే బోరింగు దగ్గర, కంపెనీలో చేరాక మొదటిసారి, మొహం కడుక్కుంది. సబ్బు నురగ చెంపలకి తగలగానే భయమేసింది, ఎంతైనా ఇన్నేళ్ల నమ్మకం. పగల్లేదు. నల్లబడలేదు. కానీ పొద్దెక్కేకొద్దీ డాక్టరమ్మ చెప్పినట్టే చెంపలు మండడం మొదలైంది. మధ్యాహ్నానికి ముక్కుకి అటూ ఇటూ ఎర్రగా అట్టలు కట్టింది. భ్రమరబర్ బాబు ఈసారి ఫోను కూడా తియ్యలేదు. దూరంనించే చూసి పెదవి విరిచాడు.

"జెమా, నీ తెల్లచీరలు కుంతలకి ఇచ్చెయ్. నువ్వు దాసీ వేషంలోకి రా."

జెమా పిన్ని చేతిలో ఉన్న పాఠం కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. "సరే బాబూ," అంది.

"నువ్విటు రా," అని ఆయన ఝిలిని పిలిచాడు. పిల్ల గెంతుకుంటూ వెళ్లింది. ఆయన ఫోను లైటు వేశాడు. నిన్న నీలు భాయి రంగు పూసి చూసిన దగ్గర, నుదుటి మీద జుట్టు అంచు పొడుగునా సన్నగా పొక్కులు లేచి ఉన్నాయి.

"ఓహో! నీకూ మొదలైందీ?"

"రంగు పడలేదు బాబూ, రెండు రోజుల్లో పోతాయి..."

"పోకపోతే బాలేశ్వర్‌లో ఇంకో పిల్లని చూసి పెట్టాను. శుక్రవారం పొద్దున్నే జీపు పంపిస్తా. ఇద్దరూ తల్లులే అవుదురుగాని."

నవ్వులు. ఝిలి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ నవ్వులెలా ఉంటాయో పిల్లకి ఇప్పుడు తెలిసింది. కుంతలకి, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, కడుపులో చల్లగా అనిపించింది.

సాయంత్రం ఝిలి వచ్చింది. చేతిలో ఆకు దొన్నెలో నాలుగు మినప బరాలు, గారెల్లాంటివి, పైన ఘుగుని బఠాణీ కూర. కుంతల ముందు పెట్టి, ఆమె పాదాల దగ్గర గచ్చు మీద కూచుంది. కళ్లు వాచి ఉన్నాయి.

"అక్కా, తిట్టినా సరే, కొట్టినా సరే. పోయినేడాది పోస్టరులో నీ మొహం చూసే నేను ఈ కంపెనీకి వచ్చాను. చందమామలా ఉన్నావక్కా. ఏం రాసేదానివి? నీ దగ్గర ఏదో మందుందని అందరూ అంటున్నారు."

"ఎవరన్నారు?"

"అందరూ. చెప్పక్కా. జీపు వస్తే నేను మా ఊరికి ఏ మొహం పెట్టుకుని పోను? కంపెనీలో రాణినవుతానని ఊరంతా చెప్పుకుంటున్నారు."

కుంతల ఆ నుదుటికేసి చూసింది. అవి మొటిమలు కూడా కావు. జుట్టు నిండా జిడ్డోడేలా నూనె, దాని మీద జింకు పూత. సబ్బుతో కడిగి, జుట్టుకి నూనె మానేస్తే వారంలో వాటంతటవే పోతాయి. కానీ వారం. శుక్రవారం కాదు. ఈ పిల్లకి ఇప్పుడు నిజం చెబితే జీపు వస్తుంది, బాలేశ్వర్ పిల్ల దిగుతుంది. చెప్పకపోతే? చెప్పకపోతే ఈ నుదురు రెండు రోజుల్లో అద్దంలా అవుతుంది. దసరాకి మెరుస్తుంది. తర్వాత? తర్వాత డాక్టరమ్మ చెప్పినవన్నీ ఒకటి తర్వాత ఒకటి. నడిసీజన్లో ఆ మొహం మీద ఫోను లైటు పడే వేళకి, కుంతల మూడు నెలలు ఎప్పుడో పూర్తయి ఉంటాయి. అప్పుడు రాణికి మనిషి కావాలి.

ఆ ఆలోచన ఎక్కడినించి వచ్చిందో ఆమెకే తెలీలేదు. వచ్చింది, కూచుంది, కదల్లేదు. చెవుల్లో గరిట పట్టుకున్న గొంతు వినబడుతూనే ఉంది.

"మొన్న బోరింగు దగ్గర బాగా చేశావు," అంది కుంతల.

ఝిలి తలెత్తింది. అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం అరచేతుల్లో దాచుకుంది. "చెప్పుతో కొట్టక్కా నన్ను. బుద్ధి లేక, పిల్లలు నవ్వుతున్నారు కదా అని..."

నిజంగానే ఏడ్చింది. నటన కాదు. ఆ సమయంలో కుంతల మనసు ఒక్కసారి మెత్తబడింది కూడా. నోటిదాకా వచ్చింది, ఒద్దే పిల్లా, ఊరికి పో, మొహం కడుక్కో అని. అప్పుడే ఝిలి కళ్లు తుడుచుకుంటూ, ఓదార్పుగా అనుకుని, ఒక మాట అంది.

"అయినా నువ్వు తల్లివిగా పక్కనుంటే నాకు ధైర్యమక్కా. నువ్వైతే ఆ వేషానికి సరిగ్గా సరిపోతావు."

కుంతల లేచింది. ట్రంకుపెట్టె తెరిచి, సంచి అడుగునించి ట్యూబు తీసింది. ఝిలి అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"ఒకరి దగ్గర చెప్పకు. పొద్దునా రాత్రీ పల్చగా రాసుకో."

ఝిలి వంగి రెండు పాదాలకీ దణ్ణం పెట్టింది. కుంతల చెయ్యి అలవాటు కొద్దీ ఆ పిల్ల తల మీదకి వెళ్లింది. జుట్టు జిడ్డు అరచేతికి అంటుకుంది. బరాలు చల్లారిపోయాయి, కుక్కకి వేసింది.

శుక్రవారం జీపు వెళ్లలేదు. మిల్లు ముందు వాకిట్లో నీలం గుడ్డ కట్టారు, తెల్ల గొడుగులు పెట్టారు. ఝిలి ఎర్రచీర, కిరీటం, చేతిలో కత్తి. నుదురు నున్నగా, నీటుగా ఉంది. నీలు భాయి రంగు పూస్తూ మురిసిపోయాడు, "నా పని సగం తప్పింది" అని. ఫొటో మనిషి "ఇటు చూడు రాణీ, కళ్లు పెద్దవి చెయ్యి" అంటుంటే భ్రమరబర్ బాబు పాన్ నమలడం మరిచిపోయి చూశాడు.

"తల్లీ, వెనక్కి రా. ఇంకొంచెం. రాణి భుజం వెనక. ఆఁ, మొహం సగం కనబడితే చాలు."

తల్లి అంటే కుంతల. జెమా పిన్ని తెల్లచీర, జుట్టుకి బూడిద, నుదుటిమీద నీలు భాయి గీసిన ముడతలు. ఎర్రటి అట్టల మీద జింకు మండిపోతోంది. అయినా కదల్లేదు. ముందున్న ఝిలి మెడ మీద చెమట చుక్క జారుతుంటే చూస్తూ నిలబడింది. దాసీ వేషంలో జెమా పిన్ని పళ్లెం పట్టుకుని చివర నిలబడింది గానీ ఫొటో మనిషి ఆమెని చట్రంలోంచి తప్పించాడు.

అందరూ భోజనాలకి కూచోగానే కుంతల సబ్బు కొంగులో దాచుకుని వెనక్కి వెళ్లింది. బోరింగు దగ్గర అప్పటికే ఎవరో ఉన్నారు. గట్టు మీద వంగి, కళ్లు మూసుకుని, మొహం నిండా నురగ. రుద్దడం లేదు. వేళ్ల చివర్లతో మెల్లిగా, గుండ్రంగా తిప్పుతోంది. డాక్టరమ్మ చూపించినట్టే.

"ఎవరది?" అంది నురగలోంచి జెమా పిన్ని.

"నేను."

పిన్ని చేతులు ఆగాయి. మళ్లీ కదిలాయి. బకెట్లో నీళ్లు దోసిట పట్టి మొహం కడుక్కుంది. కొంగుతో అద్దుకుంది. ఆ నున్నటి, తేటైన చర్మం ఎక్కడినించి వచ్చిందో కుంతలకి అప్పుడు అర్థమైంది.

"నీకు తెలుసు," అంది.

"తెలుసు."

"ఆ ట్యూబు ఏం చేస్తుందో తెలిసే ఇచ్చావు. నీళ్లు తగలనీయకన్నావు. నేను నీ కాళ్లకి దణ్ణం పెట్టాను పిన్నీ!"

"పెట్టావు." జెమా పిన్ని గొంతులో తప్పు చేసిన మనిషి వణుకు లేదు. "కటక్‌లో ఆ బొంగురు గొంతు డాక్టరమ్మే కదూ? నన్నూ అలాగే తిట్టింది."

"ఒక్కమాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"నువ్వు ఝిలికి చెప్పావా?"

కుంతల తల తిప్పుకుంది. మిల్లులో గిన్నెల చప్పుడు, భ్రమరబర్ బాబు నవ్వు వినబడుతున్నాయి.

"నేనూ నీలాగే లెక్క వేసుకున్నాను," అంది పిన్ని. "నీ మొహం చెడే వేళకి నాది బాగవుతుంది, వేషం నాకొస్తుంది అని. ఏడాది పట్టింది. బాగయింది, చూడు, చెయ్యి వేసి చూడు. వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. కనీసం ఫోను లైటన్నా వేస్తాడనుకున్నా. తలెత్తి చూడలేదు. తల్లి వేషానికి మొహమెలా ఉంటే ఏమిటే అన్నాడు. మొహం వచ్చింది కుంతలా. వేషం రాలేదు."

"మరి మొన్న కూడా ఎక్కువ రాయమన్నావు!"

"తల్లి వేషమన్నా నాకు మిగుల్తుందనుకున్నా. నీ మొహం పూర్తిగా పోతే నిన్ను ఇంటికే పంపేస్తాడనుకున్నా." పిన్ని తన దాసీ చీర వైపు చూసుకుంది. "అదీ కాలేదు."

కుంతలకి ఆమెని జుట్టు పట్టుకుని ఆ గట్టుకేసి కొట్టాలనిపించింది. దానికంటే ఎక్కువగా తనమీద తనకే అసహ్యం వేసింది. లోపలికి పోయి ఆ పిల్ల చేతిలోంచి ట్యూబు లాక్కోవాలి, ఇప్పుడే, ఈ నిమిషమే అనుకుంది. అడుగు కూడా వేసింది.

అంతలో ఝిలే వచ్చింది. కిరీటం తీసేసింది, ఎర్రచీర ఇంకా ఉంది. కొబ్బరినూనెకి రంగు కరిగి మొహమంతా ఎర్రగా తెల్లగా కారుతోంది. ఒక చేతిలో పాత గుడ్డ. కళ్లు మెరిసిపోతున్నాయి.

"అక్కా! పోస్టరు మీద ఒక్క నేనేనట, మొహం ఒక్కటే, ఇంతది! ఇరవై అడుగులు! వెనకాల వాళ్లని తీసేస్తారట." చెప్పేశాక నాలిక కరుచుకుంది. "అబ్బా, మొహం మండుతోందక్కా. నూనె వాసనకి కడుపులో తిప్పుతోంది. రెండు దోసిళ్ల నీళ్లు కొట్టవా, కడిగేసుకుంటా."

కుంతల చెయ్యి బోరింగు పిడి మీదికి వెళ్లింది. కిందికి ఒక్కసారి నొక్కితే చాలు.

"పిచ్చిదానా, కాగిన మొహానికి నీళ్లా!" అంది జెమా పిన్ని, తడి కొంగు వెనక్కి తోసుకుంటూ. "నల్లబడిపోతావు. మొహానికి నీళ్లు తగలనీయకు."

ఝిలి పిన్నిని నమ్మలేదో, నమ్మాలో వద్దో తెలీలేదో, కుంతల వైపు తిరిగింది. ఎండకి కళ్లు చికిలించి, కారుతున్న రంగు మీద గుడ్డ అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా అడిగింది.

"అవునా అక్కా?"

వెనకాల వాళ్లని తీసేస్తారట.

"అవును," అంది కుంతల. "నూనెతోనే తుడుచుకో. ట్యూబు మాత్రం మానకు."

ఝిలి తలూపి, ఏదో పాట కూనిరాగం తీస్తూ లోపలికి వెళ్లిపోయింది. తర్వాత జెమా పిన్ని బోరింగు పిడి తన చేతిలోకి తీసుకుంది.

"వంగు. నేను కొడతా," అంది.

కుంతల కొంగులోంచి సబ్బు తీసి, వంగి, దోసిలి పట్టింది.